పాత ప్లాస్టిక్ మోడల్ కారును విప్పడం, రంగు తీయడం: జిగురు, ఎనామెల్, క్రోమ్ సంగతులు

మీ అన్నయ్యగారు మిషిగన్ నుంచి తెచ్చిన, ఏఎంటీ అనే అమెరికన్ మోడల్ కిట్ల కంపెనీ వారి 1/25 స్కేలు 1964 షెవ్రొలే ఇంపాలాను హైదరాబాద్‌లో విప్పి, దాని మీద ఎవరో బ్రష్షుతో మందంగా పూసిన ఎర్ర ఎనామెల్‌ను తీసేసి, కొత్తగా రంగు వేయాలనుకుంటున్నారు. అసిటోన్ వాడవచ్చా, జిగురుతో అతికిన భాగాలను ఎలా విడదీయాలి, మాసిపోయిన బంపర్ల క్రోమ్‌ను ఏం చేయాలి అని మూడు సంగతులు అడిగారు. మొదటిదానికి వెంటనే జవాబు చెబుతాను, ఎందుకంటే అందులో తప్పు జరిగితే మిగతా రెంటితో పని ఉండదు. అసిటోన్ వద్దు. గోళ్ల రంగు తీసే ద్రవం, ఎన్‌సీ థిన్నర్ (నైట్రోసెల్యులోజ్ రంగులను పలుచన చేసే ద్రవం), పెట్రోలు, టోలుయీన్ కూడా వద్దు. మీ కారు బాడీ పాలీస్టైరీన్‌తో పోసినది, ఈ ద్రవాలన్నీ పాలీస్టైరీన్‌ను కరిగించేస్తాయి. మోడళ్లను అతికించే ట్యూబు జిగురు పనిచేసేది కూడా ఇలాంటి ద్రావకాలతోనే. అసిటోన్‌లో ముంచిన దూదితో ఒకసారి తుడిస్తే రంగుతో పాటు తలుపు గీతలు, అక్షరాల అంచులు కూడా మెత్తబడి చెదిరిపోతాయి.

చాలామంది కారు మీద ఉన్నది ఏ రంగో చూసి, దాన్ని తీసే ద్రవాన్ని వెతుకుతారు. నేను మాత్రం ముందు అడుగున ఉన్న ప్లాస్టిక్ ఏదో తేల్చుకోమంటాను. ఆ ప్లాస్టిక్ దేనికి తట్టుకుంటుందో తెలిస్తే, తట్టుకునేవాటిలో నుంచి రంగును కదిలించేదాన్ని ఎంచుకోవచ్చు. రంగు ఇవాళ రాకపోతే రేపు వస్తుంది. చెడిన బాడీ తిరిగి రాదు. 1958లో ఏఎంటీ సంస్థ ఒకే పెట్టెలోని భాగాలతో మూడు రకాలుగా కట్టుకోగల కిట్లను మొదలుపెట్టిన తరువాత, డెట్రాయిట్ కంపెనీలు ఏటా కార్ల రూపం మార్చినప్పుడల్లా మోడల్ కంపెనీలు కూడా తమ అచ్చులను ఆ కొత్త రూపానికి తగ్గట్టు తిరిగి చెక్కించేవి. అలా చెక్కిన అచ్చు నుంచి అంతకుముందు ఏడాది కారు మళ్లీ రాదు. అందుకే ఆ కాలపు అసలు బాడీలు, రంగు ఎంత వికారంగా ఉన్నా, నెమ్మదిగా శుభ్రం చేసుకోదగినవి.

మీది 1964 నాటిది కనుక పాలీస్టైరీన్ అనే అనుకుంటున్నాను. అయితే మీ అన్నయ్యగారు తెచ్చిన పెట్టెలో ఇంకా పాత కార్లు కూడా ఉన్నాయని రాశారు కాబట్టి ఒక హెచ్చరిక. 1950లలోనూ, 1960ల తొలినాళ్ల వరకూ షెవ్రొలే, ఫోర్డ్ డీలర్లు కొనుగోలుదారులకు ఇచ్చిన ప్రచార నమూనాలు, అంటే సేకరించేవారు ప్రోమోలు అని పిలిచేవి, చాలావరకు సెల్యులోజ్ అసిటేట్‌తో చేసినవి. వాటిని గుర్తుపట్టడం కష్టం కాదు. కాలక్రమంలో అసిటేట్ కుంచించుకుపోయి బాడీ వంకర తిరుగుతుంది, నడుము దగ్గర కుంగుతుంది. కొన్నిటికి దగ్గరగా వాసన చూస్తే వెనిగర్ ఘాటు తగులుతుంది, అది ప్లాస్టిక్ విచ్ఛిన్నమవుతూ విడుదల చేసే అసిటిక్ ఆమ్లం. అలాంటి కారు కనబడితే దానికి ఈ కింద చెప్పేవేవీ చేయకండి. నునువైన గుడ్డ, సబ్బు నీళ్లు చాలు. పైగా వాటిలో చాలావాటికి రంగు ఫ్యాక్టరీలో వేసినదే అయి ఉంటుంది, దాన్ని తీసేస్తే వస్తువు విలువే పోతుంది.

ఇక విప్పడం. ముందు అన్ని వైపుల నుంచి, ముఖ్యంగా అడుగు నుంచి, ఇంజన్ గది లోపలి నుంచి వెలుతురు బాగా పడేలా ఫోటోలు తీసుకోండి. ఏ భాగం దేని మీద కూర్చుందో, ఏ ముక్క ఏ రంధ్రంలోకి వెళ్లిందో విప్పాక గుర్తుండదు. అరవై ఏళ్ల నాటి సూచనల కాగితం మీ దగ్గర ఉండే అవకాశమూ తక్కువే.

పాత మోడల్‌లో అతుకులన్నీ ఒకే బలంతో ఉండవు, ఆ తేడా ఎందుకు వస్తుందో తెలిస్తే పని సగం తేలికవుతుంది. ట్యూబు జిగురు శుభ్రమైన ప్లాస్టిక్‌కు, శుభ్రమైన ప్లాస్టిక్‌కు మధ్య పడితే రెండు వైపులా కొంత కరిగించి, ద్రావకం ఆవిరయ్యాక రెండింటినీ ఒకే ముక్కగా మారుస్తుంది. అది అతుకు అనడం కన్నా వెల్డింగ్ అనడమే సరి. దాన్ని ఊడదీయడం సాధ్యం కాదు, కోయాలి. అదే జిగురు రంగు మీద పడితే రంగుకు మాత్రమే పట్టుకుంటుంది, క్రోమ్ మీద పడితే క్రోమ్ పూతకు మాత్రమే పట్టుకుంటుంది. అరవైలలో ఈ కార్లను కట్టినవారిలో ఎక్కువమంది పిల్లలు. వాళ్లు క్రోమ్‌ను గీకకుండా, రంగు వేసిన తరువాతే బంపర్లు, గ్రిల్, చక్రాల మూతలు అతికించేవారు. అందువల్ల ఆ భాగాలు తరచుగా చిన్న ఒత్తిడికే టక్కున ఊడివస్తాయి, అతుకు చోట వెండి పూత పొరలాగా లేచిపోయి ఉంటుంది. రంగు మీద అతికినవి రంగు తీసే ద్రవంలో నానితే వాటంతట అవే వదులవుతాయి. కాబట్టి మొదటి రోజే అన్నింటినీ విడదీయాలని పట్టుపట్టకండి. సులువుగా వచ్చేవి తీసి, మిగిలినదాన్ని అలాగే నానబెట్టి, తరువాత మళ్లీ ప్రయత్నించడం నా పద్ధతి. బలవంతం చేసి విరగ్గొట్టిన భాగాల్లో చాలావరకు ఒక రాత్రి ఆగితే వాటంతట అవే వచ్చేవే.

వరుస ఇలా ఉంటే మంచిది. చక్రాలు ముందు. చాలా పాత కిట్లలో సన్నని ఇనుప ఇరుసు ఛాసిస్ గుండా, కొన్నిటిలో ఇంజన్ దిమ్మెలోని రంధ్రం గుండా కూడా పోతుంది. ఒక వైపు చక్రాన్ని అటూ ఇటూ తిప్పుతూ లాగితే ఇరుసు మొత్తం జారి వస్తుంది. చక్రం ఇరుసుకు తుప్పుతో పట్టుకుని ఉంటే ఇరుసునే ప్లయర్‌తో పట్టుకుని తిప్పండి, ప్లాస్టిక్‌ను పట్టుకోకండి. తరువాత ఛాసిస్. తొలి కిట్లలో, ప్రోమోల్లో దాన్ని స్క్రూలతో బిగించేవారు కనుక అడుగు భాగాన్ని ముందు టార్చ్ వేసి చూడండి. స్క్రూ తల మీద రంగు పేరుకుని కనబడకపోవచ్చు. స్క్రూలు లేకపోతే బాడీ అంచుకూ ఛాసిస్ అంచుకూ మధ్య సన్నని సందులో అతుకు చుక్కలు ఎక్కడ ఉన్నాయో వెతకాలి. సాధారణంగా అవి ముందూ వెనకా బంపర్ల వెనుక ఉంటాయి, పక్కల పొడవునా ఉండవు. ఛాసిస్ వచ్చాక లోపలి సీట్ల తొట్టి, దాని తరువాత అద్దాలు, చివరికి గ్రిల్, బంపర్లు, ఇంజన్.

పనిముట్లకు పెద్దగా ఖర్చు లేదు. మందుల దుకాణంలో దొరికే 11వ నంబరు సర్జికల్ బ్లేడు, దానికి సరిపోయే పిడి, సన్నని రంపం, గట్టి సన్నని దారం లేదా పళ్ల మధ్య శుభ్రం చేసుకునే ఫ్లాస్ ఉంటే చాలు. బ్లేడు పదును వైపుతో అతుకును చీల్చబోతే అది ప్లాస్టిక్‌లోకి దారి తప్పుతుంది. బ్లేడు వీపు వైపుతో గీత వెంబడి పదేపదే గీరితే సన్నని పేలికలుగా ప్లాస్టిక్ లేస్తూ, కోత మీరు కోరిన చోటే లోతవుతుంది. దారాన్ని అతుకు సందులో వేసి రెండు చేతులా నెమ్మదిగా అటూ ఇటూ లాగితే చదునైన పొడవాటి అతుకులు చక్కగా తెగుతాయి. వేగంగా లాగితే రాపిడి వేడికి ప్లాస్టిక్ కరిగి దారం ఇరుక్కుంటుంది. సూపర్ గ్లూతో అతికిన భాగాలకు ఫ్రీజర్ పనికివస్తుంది. మోడల్‌ను జిప్ సంచిలో పెట్టి, -18 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే ఆ జిగురు పెళుసుబారి, మెల్లగా మెలిపెట్టినప్పుడు విడిపోతుంది. ట్యూబు జిగురు చుక్కలు సరిగా పట్టని చోట్ల కూడా ఇది కొంత సహాయపడుతుంది. కానీ చల్లబడిన స్టైరీన్ కూడా పెళుసే కాబట్టి, బయటికి తీసిన వెంటనే ఒత్తకుండా ఒకటి రెండు నిమిషాలు ఆగండి. వేడి నీళ్లు మాత్రం జాగ్రత్త. స్టైరీన్ సుమారు 100 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, అంతకు చాలా ముందే పలుచటి భాగాలు వంగిపోతాయి. చెయ్యి పెట్టగలిగే గోరువెచ్చని నీళ్లు దాటవద్దు.

అన్నిటికన్నా సున్నితమైనవి ముందు అద్దం చట్రానికి ఇరువైపులా టాపును మోసే సన్నని స్తంభాలు. మీది హార్డ్‌టాప్ అన్నారు కాబట్టి తలుపుల వెనుక స్తంభం కూడా లేదు, టాపు మొత్తం ముందు, వెనుక స్తంభాల మీదే నిలుస్తుంది. బాడీని ఎప్పుడూ టాపు దగ్గర పట్టుకోకండి, తలుపుల కింది అంచుల దగ్గర పట్టుకోండి. అద్దాలు తీశాక లోపల కిటికీల ఎత్తుకు సరిపడా థర్మోకోల్ ముక్క కానీ మడిచిన అట్ట కానీ పెడితే టాపుకు ఊతంగా ఉంటుంది. నానబెట్టే ముందు దాన్ని తీసేయండి.

ఇప్పుడు రంగు సంగతి. మీ కారు మీద ఉన్నది చిన్న సీసాల్లో వచ్చే ఎనామెల్ అయితే అది ఆల్కిడ్ రెసిన్. నూనె ఆమ్లాలు ఎస్టర్ బంధాలతో కలిసి ఏర్పడినది. క్షారం ఆ ఎస్టర్ బంధాలను తెంచేస్తుంది. కొవ్వుకు కాస్టిక్ సోడా కలిపితే సబ్బు అయ్యేది కూడా ఈ చర్య వల్లనే. పాలీస్టైరీన్‌లో ఎస్టర్ బంధాలే లేవు, అది వట్టి హైడ్రోకార్బన్, కనుక క్షారం దాన్ని తాకదు. సెల్యులోజ్ అసిటేట్‌లో అవి ఉన్నాయి, అందుకే ప్రోమోలను క్షారంలో వేయవద్దని పైన అన్నాను. అమెరికాలో ఈ పనికి సోడియం హైడ్రాక్సైడ్ ఉన్న ఊదారంగు డీగ్రీజర్లు, ఓవెన్ క్లీనర్లు వాడతారు. ఇక్కడ కాస్టిక్ సోడా సులువుగా దొరుకుతుంది. లీటరు నీటికి 30 నుంచి 40 గ్రాములు చాలు. ఎప్పుడూ నీళ్లలోకి సోడాను కొద్దికొద్దిగా వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు. కలిపేటప్పుడు బాగా వేడి పుడుతుంది, చల్లబడే దాకా మోడల్ వేయవద్దు. మూత ఉన్న పాలీప్రొపిలీన్ డబ్బా వాడండి. మన వంటింట్లో ఉండే అల్యూమినియం గిన్నెలు దీనికి అస్సలు పనికిరావు, కాస్టిక్ సోడా వాటిని తినేస్తూ హైడ్రోజన్ వాయువును విడుదల చేస్తుంది. నీళ్ల సీసాల ప్లాస్టిక్ కూడా దీర్ఘకాలం తట్టుకోదు. రబ్బరు చేతి తొడుగులు, కళ్లను పూర్తిగా కప్పే అద్దాలు లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు. కంట్లో చుక్క పడితే వెంటనే ధారగా నీళ్లతో కనీసం పావుగంట కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఈ పద్ధతిని మానుకోమనే చెబుతాను, ఎందుకంటే మిగతా రెండు దారులు కాస్త నెమ్మదైనా మూత తెరిచినవాళ్లను కాల్చవు.

ఆ రెండింటిలో మొదటిది 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఎలక్ట్రానిక్స్ విడిభాగాల దుకాణాల్లో, రసాయనాల దుకాణాల్లో ఐపీఏ అని అడిగితే ఇస్తారు. నీళ్లు కలిసిన 70 శాతం సానిటైజర్ రకం దీని పని చేయదు. ఆక్రిలిక్ రంగులను, చాలా స్ప్రే ల్యాకర్లను (ద్రావకం ఆవిరవగానే ఆరిపోయే రంగులను) ఇది రాత్రికి రాత్రే ముడతలు పడేలా చేస్తుంది. పాత ఎనామెల్ విషయంలో ఆలస్యం చేస్తుంది, కొన్నిసార్లు కొన్ని రోజులు పడుతుంది, అప్పుడప్పుడు అసలు కదలదు. ఇది సుమారు 12 డిగ్రీల దగ్గరే మంట పట్టుకోగల ఆవిరినిస్తుంది, అంటే మన వేసవిలో మూత తీసిన ప్రతిసారీ అది ప్రమాదకరమే. స్టవ్వు ఉన్న గదిలో, దీపారాధన జరిగే గదిలో పెట్టవద్దు. రెండోది బ్రేక్ ఆయిల్. డబ్బా మీద డాట్ 3 లేదా డాట్ 4 అని ఉండాలి, ఇవి గ్లైకాల్ ఈథర్ ద్రవాలు. డాట్ 5 సిలికాన్, దానికి రంగును తీసే గుణం లేదు. బ్రేక్ ఆయిల్ ఎనామెల్‌ను, ల్యాకర్‌ను రెంటినీ బాగా లేపుతుంది, ఆవిరి తక్కువ, మంట భయం తక్కువ. కానీ అది చర్మం గుండా లోపలికి పోతుంది, కడుపులోకి పోతే విషం, మురుగు కాలువలో పోయకూడదు. వాడిన దాన్ని సీసాలో పోసి, పాత ఇంజన్ ఆయిల్‌తో కలపకుండా, మెకానిక్ దగ్గర విడిగా ఇచ్చేయండి. రోజుల తరబడి అందులో వదిలేస్తే కొన్ని పాత ప్లాస్టిక్‌లు పెళుసుబారుతాయి కనుక రోజుకు ఒకసారి తీసి, బ్రష్షుతో రుద్ది, ఎంత వచ్చిందో చూసి మళ్లీ వేయండి.

ఏది వాడినా ముందు ఛాసిస్ అడుగున, లేదా ఇంజన్ మూత లోపలి వైపున ఒక చుక్క వేసి గంటసేపు చూడండి. ప్లాస్టిక్ జిడ్డుగా, మెత్తగా అనిపిస్తే అక్కడే ఆపేయండి.

మీ ఇంపాలా వెనుక భాగంలో రంగు కింద ఏదో ఉబ్బెత్తుగా ఉందని రాశారు. అది పుట్టీ అయి ఉండవచ్చు. ఆ రోజుల్లో టెయిల్ లైట్లు మార్చడం, తలుపు పిడులు తీసేసి నున్నగా చేయడం వంటి కస్టమ్ పనులు బాగా చేసేవారు, దానికి ట్యూబులో వచ్చే ల్యాకర్ పుట్టీని పూసేవారు. బ్రేక్ ఆయిల్‌లో ఆ పుట్టీ రంగుతో పాటే కరిగిపోయి, దాని కింద కోసిన రంధ్రాలు బయటపడతాయి. అవి ద్రవం చేసిన నష్టమని అనుకోవద్దు. అంతకుముందు నుంచీ ఉన్నవే. మళ్లీ పూడ్చాలంటే స్టైరీన్ షీటు ముక్కను వెనుక నుంచి అతికించి, రెండు భాగాల పుట్టీతో నింపండి.

క్రోమ్ భాగాలను బాడీతో కలిపి నానబెట్టవద్దు. కిట్లలోని క్రోమ్ నిజానికి క్రోమియం కాదు, అల్యూమినియం. ప్లాస్టిక్ మీద మొదట నున్నటి ల్యాకర్ పొర, దాని మీద శూన్యంలో ఆవిరిగా పట్టించిన అతిపలుచటి అల్యూమినియం, దాని మీద రక్షణగా ఇంకో పలుచటి పొర, ఇంతే నిర్మాణం. ఇంట్లో వాడే బ్లీచ్‌లో వేస్తే, పైపొర ఎంత దెబ్బతిందో దాన్నిబట్టి కొన్ని నిమిషాల్లోనో కొన్ని గంటల్లోనో వెండి మాయమవుతుంది. మిగిలిన పసుపుపచ్చని ల్యాకర్ పొర బ్లీచ్‌కు లొంగదు, దాన్ని ఐపీఏలోనో బ్రేక్ ఆయిల్‌లోనో తీయాలి. అది తీయకపోతే గ్రిల్ సన్నటి కడ్డీల మధ్య వివరం మందంగానే మిగిలిపోతుంది. బ్లీచ్‌ను బాగా కడిగి, ఆరనిచ్చి, ఆ తరువాతే ఆల్కహాల్ వాడాలి. ఆ రెండూ కలిస్తే క్లోరోఫారం ఏర్పడుతుంది. ఆమ్లాలు, అమ్మోనియా ఉన్న బాత్రూమ్ క్లీనర్లతో బ్లీచ్ కలిసినా విషవాయువులే. అయితే నా సలహా ఏమిటంటే, క్రోమ్ ఎనభై శాతం బాగానే ఉంటే దాన్ని ముట్టుకోకండి. సబ్బు నీళ్లతో మెల్లగా కడిగి, పోయిన చోట్ల మాత్రం మోడల్ కార్లకు వాడే పలుచటి జిగురు రేకు అతికించండి. ఫ్యాక్టరీ పూతకు సాటి వచ్చే క్రోమ్‌ను సీసా రంగుతో తేవడం నేను ఇంతవరకు చూడలేదు.

అద్దాలు కూడా స్టైరీనే, కానీ పారదర్శక స్టైరీన్ ఇంకా పెళుసు. ఆల్కహాల్ తగిలితే లోపల ఒత్తిడి ఉన్న చోట్ల వెంట్రుకల్లాంటి పగుళ్లు రావచ్చు, బ్రేక్ ఆయిల్‌కు పొగచూరవచ్చు. వాటిని ఏ ద్రవంలోనూ వేయకండి. జిగురు వేలిముద్రలు ఉంటే 2000 గ్రేడు వాటర్ పేపర్‌తో తడిపి రుద్ది, తరువాత ప్లాస్టిక్ పాలిష్‌తో మెరుగు పెట్టండి. టైర్ల విషయంలో ఒక్క మాట. పాత టైర్లు మెత్తటి వినైల్‌తో చేసినవి, అందులోని ప్లాస్టిసైజర్ ఏళ్ల తరబడి చక్రాల స్టైరీన్‌లోకి పాకి దాన్ని కరిగిస్తుంది. టైరు తీయగానే చక్రం అంచు అంటుకుపోయి గుంట పడి కనబడితే కారణం అదే. మళ్లీ కట్టేటప్పుడు చక్రం అంచుకు రేకు చుట్టితే ఆ పాకడం ఆగుతుంది.

రంగు వదిలాక పాత టూత్‌బ్రష్షుతో, గిన్నెలు కడిగే సబ్బుతో, తలుపు గీతల్లో వెదురు పుల్లతో శుభ్రం చేయండి. మెటల్ సూదులు, వైర్ బ్రష్షులు వద్దు. తెల్ల ప్లాస్టిక్ మీద గులాబీ మరక మిగలవచ్చు. అది రంగు పొర కాదు, ఎరుపు ప్లాస్టిక్‌లోకి ఇంకిన ఛాయ మాత్రమే, దాన్ని తీయాలని ఇంకా ఇంకా నానబెట్టి ప్లాస్టిక్‌ను బలహీనపరచకండి. అయితే ఆ ఛాయ లేత రంగుల గుండా పైకి రాగలదు. తెలుపు, పసుపు, లేత నీలం వేయాలనుకుంటే ప్రైమర్ మీద ముందు ఒక పలుచటి వెండి రంగు పూత వేయండి, అది అడ్డుగోడగా నిలుస్తుంది. ప్రైమర్‌కు హార్డ్‌వేర్ దుకాణాల ఆటోమొబైల్ స్ప్రేలను నేరుగా వాడవద్దు, వాటిలోని ఘాటైన థిన్నర్ స్టైరీన్ ఉపరితలాన్ని పగుళ్లతో నింపుతుంది. మోడళ్ల కోసం చేసిన ప్రైమర్‌నే పలుచటి పూతలుగా, ఒకటి ఆరాక ఒకటి వేయండి. వాన పడుతున్న రోజు, కోస్తాలో అయితే ఉక్కగా ఉన్న రోజు కూడా, ల్యాకర్ చల్లితే గాలిలోని తేమ పూతలో చిక్కి అది పాలిపోయినట్టు తెల్లబడుతుంది.

తలుపు వెనుక, వెనుక చక్రం వైపు పక్కభాగం మీద ఉబ్బెత్తుగా ఉన్న ఇంపాలా అక్షరాలను మాత్రం వాటర్ పేపర్‌తో తాకకండి. ప్రైమర్ ఆరిన తరువాత, పైరంగు వేయక ముందే ఆ అక్షరాల మీద జిగురు రేకును అతికించి, పుల్లతో అద్ది బాగా కూర్చోబెట్టి, చుట్టూ మిగిలినది కోసేయండి. తరువాత మొత్తం మీద రంగు చల్లి, అది కొద్దిగా గట్టిపడ్డాక ఆ రంగుకు తగిన థిన్నర్‌లో అద్దిన పుల్ల చివరతో అక్షరాల పైభాగాన్ని మాత్రమే సుతారంగా తుడిస్తే, రంగు పోయి కింది రేకు మెరుస్తూ బయటపడుతుంది. ప్రైమర్ దశలో బాడీని లైటు కింద పక్కవాటుగా పట్టుకుని చూస్తే, మీరు తీసేసిన ఎరుపు ఏ గీతల్లో ఇంకా పేరుకుని ఉందో కూడా తెలుస్తుంది. అది రేకు అతికించక ముందే సరిచేసుకోండి.